కొత్త కథ కావాలా, కొత్త నేల కావాలా? (ఎక్స్‌పాన్షన్ల మీద పంచాయితీ)

పర్లాకిమిడి_పాతలైను:
అందరికీ నమస్కారం. నాకు చిన్న జెరాక్స్ షాపు ఉంది. రాత్రి తొమ్మిదికి షట్టర్ దించాక రెండు గంటలు నావి. ఈ మధ్య రోజూ ఆ రెండు గంటల్లోనే ఆడుతూ రెండు ఎక్స్‌పాన్షన్లు (వీడియో గేమ్‌కి తర్వాత విడిగా అమ్మే అదనపు భాగాలు) ఒకదాని వెంట ఒకటి పూర్తి చేశాను. ఒకటి విచర్ 3 కి 2016 లో వచ్చిన బ్లడ్ అండ్ వైన్, రెండోది ఎల్డెన్ రింగ్‌కి 2024 జూన్‌లో వచ్చిన షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ. వరసగా ఆడడం వల్లనేమో, బుర్రలో ఒక పేచీ మొదలైంది.

బ్లడ్ అండ్ వైన్‌లో నేను ఎక్కడికి వెళ్లినా ఎవరో ఒకరు పిలిస్తేనే వెళ్లాను. అందులో వచ్చే టుస్సాంట్ అనే కొత్త ప్రాంతమంతా ద్రాక్షతోటలు, ఎండ, రంగురంగుల గుడారాలు. అంత అందమైన చోట ఊరికే తిరిగిన గుర్తు మాత్రం పెద్దగా లేదు. గుర్తున్నదల్లా మనుషులు, వాళ్లు చెప్పిన మాటలు.

ఎర్డ్‌ట్రీలో నన్ను పిలిచినవాడు లేడు. షాడో కీప్ అనే కోటలో మారికా అనే దేవత విగ్రహం ఒకటి ఉంది. దాని ముందు నిలబడి ఒక సైగ చేస్తే వెనక కొత్త ప్రాంతానికి దారి తెరుచుకుంటుంది. ఆ సైగేమో ఎక్కడో బోనీ విలేజ్‌లో దొరుకుతుంది. పోయి ఫలానాది చెయ్యి అని ఏ బాణం గుర్తూ చూపించదు. నిజం చెప్పాలంటే నేనూ నా తెలివితో కనిపెట్టలేదు. విగ్రహం ముందు ఎవరో ఆటగాడు నేల మీద వదిలిన సందేశం చూసి చేశాను. అయినా దారి తెరుచుకున్నప్పుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఇప్పుడు నా ప్రశ్న. అసలు గేమ్‌కి డబ్బులు కట్టాక, ఎక్స్‌పాన్షన్‌కి మళ్లీ కడుతున్నాం. ఆ రెండోసారి డబ్బులు దేనికి కట్టాలి? కొత్త కథకా, కొత్త నేలకా?

బల్లార్షా_జంక్షన్:
కథకే. ఊరికే తిరగడానికి మాకు చంద్రపూర్ జిల్లా మే నెల ఎండ ఉంది కదా, అది చాలు.

కొరాపుట్_మందులసంచి:
నేను తిరుగుడు పార్టీ. కారణం చెబుతాను.

నేను మందుల కంపెనీ రెప్‌ని. జయపురం, సునాబేడ, కొరాపుట్, సెమిలిగుడ నా బీటు. పొద్దున లేవగానే ఫోన్లో లిస్టు వస్తుంది. ఫలానా డాక్టర్ని కలువు, ఫలానా షాపులో స్టాకు చూడు, లొకేషన్‌తో ఫొటో పెట్టు. పెట్టగానే పచ్చ టిక్కు. సాయంత్రం ఇంటికొచ్చి గేమ్ పెడితే అక్కడా ఒక ముసలమ్మ నా పెనం తెచ్చిపెట్టు నాయనా అంటుంది. (విచర్ 3 మొదట్లోనే, నవ్వకండి.) నా ఉద్యోగమే క్వెస్టులు (గేమ్‌లో ఎవరో అప్పజెప్పే పనులు) గురూ, మళ్లీ ఇంట్లో కూడానా?

ఒకసారి సెమిలిగుడలో డాక్టర్ గారు రెండు గంటలు ఆగమన్నారు. బండి దేవమాలి వైపు తిప్పాను. ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన కొండ, 1672 మీటర్లు. పైన గాలి ఎలా ఉందంటే హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుంటే అది లాక్కుపోతోంది. మబ్బులు మనకి కింద. ఎవరూ పంపలేదు, ఎవరికీ ఫొటో పెట్టక్కర్లేదు. ఆ రోజు లిస్టులో రెండు పేర్లు మిగిలిపోయి మేనేజర్ చేత తిట్లు తిన్నాను, అది వేరే విషయం. గేమ్‌లో నాకు కావలసింది ఆ రెండు గంటలు.

బల్లార్షా_జంక్షన్:
మందులసంచి అన్నా, దేవమాలి ఒకసారి ఎక్కావు కాబట్టి బాగుంది. రోజుకు నలభై దేవమాలిలు ఎక్కమంటే? అదే విచర్ 3 లో స్కెల్లిగే అనే దీవుల చుట్టూ సముద్రం మీద, మ్యాప్‌లో ఎన్ని ప్రశ్నార్థకాలు పెట్టారో గుర్తుందా? పడవేసుకుని వెళ్లడం, నీళ్లల్లో తేలే పీపాలు కొట్టడం, పైనుంచి సైరన్లు అనే ఎగిరే రాక్షసులు వచ్చి పడవ విరగ్గొట్టడం. మళ్లీ ఇంకో ప్రశ్నార్థకం. అది తిరుగుడు అంటారా? మీ మేనేజర్ లిస్టే అది, టిక్కు రంగు మారిందంతే.

నేను కథ అన్నది ఎందుకంటే, అదే గేమ్‌కి 2015 అక్టోబర్‌లో హార్ట్స్ ఆఫ్ స్టోన్ వచ్చింది. కొత్త నేల చాలా తక్కువ, ఉన్న మ్యాప్‌కే ఓ మూల కొంచెం కలిపారు. అందులో ఒక పెళ్లికి వెళ్లాలి. మన హీరో ఒంట్లోకి చచ్చిపోయిన ఒక తాగుబోతు జమీందారు దూరతాడు. ఆ రాత్రంతా వాడు మన ఒంటితో డాన్సులు చేస్తాడు, పందుల్ని తరుముతాడు, ఆడవాళ్లతో సరసాలు. రాళ్లూ గుట్టలూ ఎక్కకుండా ఒక్క పెరట్లో, ఒక్క రాత్రిలో అయిపోయే పని. పదేళ్లయింది, ఆ పెళ్లి నాకు మా చిన్నాన్న పెళ్లికన్నా బాగా గుర్తుంది.

బరంపురం_బావ:
చిన్నాన్నకి ఈ లింకు పంపమంటావా?

సిరొంచ_ఒడ్డు:
మీ ఇద్దరూ ఒకదాన్నే తిడుతున్నారు, పేర్లు వేరు పెట్టి. ఇద్దరినీ విసిగించింది మ్యాప్ మీద గుర్తు. క్వెస్ట్ మీద ఉంటే బాణం, తిరుగుడు మీద ఉంటే ప్రశ్నార్థకం. కథ బాగుందా, నేల బాగుందా అన్నది తర్వాత సంగతి.

నా దగ్గరున్నది పాత ల్యాప్‌టాప్. గ్రాఫిక్స్ కార్డు లేదు. కాబట్టి నాకు 2002 నాటి మారోవిండే దిక్కు, అది కూడా సేల్‌లో కొన్నది. అందులో బాణం లేదు, మెరిసే గీత లేదు. మొదట్లోనే హస్ఫాట్ అనే ఆయన ఒక పెట్టె తెమ్మంటాడు. దారి నోటితో చెబుతాడు. బాల్మోరా ఊరి నుంచి దక్షిణంగా బయటికి పో, నది దాటు, తూర్పుకు తిరుగు, మూన్‌మాత్ కోట దాటాక పాత వంతెన ఉంటుంది, దాని మీదుగా లోయ దాటితే శిథిలాలు. ఆ మాటలన్నీ మన పుస్తకంలో రాసి ఉంటాయి. అవి చదువుకుంటూ నడవాలి. నడక కూడా తెలిసిందే కదా, మొదట్లో కుంటి గేదె వేగం. పైనుంచి క్లిఫ్ రేసర్లు అనే ఎగిరే జంతువులు వచ్చి నెత్తి మీద పొడుస్తుంటాయి.

నాకు అది కొత్తగా అనిపించలేదు. మా దగ్గర నది మీద వంతెన రాకముందు కాళేశ్వరం పోవాలంటే పడవే. చిన్నప్పుడు మా తాత వెంట పోయేవాడిని. నీళ్లు తగ్గినప్పుడు రేవు మారేది. ఎక్కడుందని అడిగితే, ఆ తెల్ల బండ కనిపించే దాకా ఇసుకలో నడవండి, అక్కడ బట్టలుతికే వాళ్లుంటారు, వాళ్లని అడగండి అనేవారు. వాళ్లని అడిగితే ఇంకో బండ చెప్పేవారు. ఆ దారి నాకు ఇప్పటికీ కళ్లు మూసుకుంటే కనిపిస్తుంది. ఫోన్లో బాణం చూస్తూ నిరుడు నాగ్‌పూర్‌లో తిరిగిన వీధులు ఒక్కటీ గుర్తు లేవు.

సరే, ఎక్స్‌పాన్షన్ల సంగతి. మారోవిండ్‌కి రెండు వచ్చాయి, ఒకదాని వెంట ఒకటి. 2002 చివర్లో ట్రిబ్యునల్, 2003 లో బ్లడ్‌మూన్. మన పంచాయితీకి ఇంతకన్నా మంచి సాక్ష్యం దొరకదు.

ట్రిబ్యునల్ అంతా కథ. మోర్న్‌హోల్డ్ అనే నగరం. చుట్టూ గోడలు, గాల్లో ఎగరడం నిషేధం, బయటికి పోయే దారి లేదు, మంత్రంతోనే రాకపోకలు. నేల ఎంత ఇరుకంటే మూడు రోజుల్లో ప్రతి గుమ్మం తెలిసిపోతుంది. పైగా ఆ కథ మన దగ్గరికి ఎలా వస్తుందంటే, పడుకుంటే హంతకుడు వచ్చి మీద పడతాడు. అప్పుడే ఓడ దిగిన పిల్లకాకికి కూడా ఇదే మర్యాద. వాడిని చంపగలిగితే వాడి కవచం అమ్ముకుని ధనవంతుడివైపోతావు, గేమ్ రుచే పోతుంది. బ్లడ్‌మూన్ దీనికి తలకిందులు. సోల్స్‌థైమ్ అనే మంచు దీవి ఇచ్చి వదిలేశారు. నేను బ్లడ్‌మూన్ మూడు సార్లు ఆడాను. ట్రిబ్యునల్ ఒకసారి, అది కూడా పూర్తి చేయాలి కదా అని.

కొరాపుట్_మందులసంచి:
చూశారా, సిరొంచ అన్న మా పార్టీయే.

బరంపురం_బావ:
తొందరపడకు. బ్లడ్‌మూన్‌లో ఆయన్ని మూడు సార్లు కట్టిపడేసింది ఏమిటో అడుగు. నేను చెప్తా, రేవన్ రాక్.

ఆ దీవిలో ఒక గని కంపెనీ కొత్తగా ఊరు కడుతుంటుంది. మొదట్లో నాలుగు గుడిసెలు. నువ్వు ఒక పని చేసి వెళ్తావు, కొన్ని రోజులాగి వస్తే ఇంకో ఇల్లు లేచి ఉంటుంది. ఇంకో పని, ఇంకో వీధి. కొట్టు ఏ రకందిగా ఉండాలో కూడా నిన్నే అడుగుతారు. అది క్వెస్టుల వరసే బాబూ! తిరగడానికి నేల ఇచ్చారు, ఆ నేల మీద మమకారం మాత్రం పనుల వల్లే వచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. తొమ్మిదేళ్ల తర్వాత 2012 డిసెంబర్‌లో, అదే వరసలో తర్వాత వచ్చిన స్కైరిమ్ గేమ్‌కి డ్రాగన్‌బోర్న్ అనే ఎక్స్‌పాన్షన్ వచ్చింది. అదే దీవి. కథలో రెండు వందల ఏళ్లు గడిచిపోయాయి. పడవ దిగగానే రేవన్ రాక్. పక్క దీవిలో అగ్నిపర్వతం పేలి ఊరంతా బూడిద. గని మూతపడింది, ఇళ్లు సగం ఖాళీ, ఉన్నవాళ్లు తిండికి ఇబ్బంది పడుతున్నారు. కొత్తగా ఆడేవాడికి అదొక దిగాలు ఊరు. నాలాంటి పాత కాపుకి మాత్రం ఇక్కడే కదా నేను మొదటి ఇల్లు కట్టించింది అని గుండె బరువెక్కింది. క్వెస్ట్ మొదలవకముందే, ఒక్క మాట వినకముందే. ఇది కథ అందామా, నేల అందామా?

పర్లాకిమిడి తమ్ముడూ, నీ పేరులో పాతలైను ఉంది కాబట్టి నీకు అర్థమవుతుంది. నౌపడా నుంచి పర్లాకిమిడికి రాజుగారు వేయించిన చిన్న బండి, 1900 లో మొదలైనది. మా అమ్మమ్మది మీ ఊరే. ఆ బండి ఎంత నిదానమంటే దిగి మూత్రానికి వెళ్లి మళ్లీ ఎక్కవచ్చని మా మామయ్య జోకు. ఇప్పుడు పెద్ద లైను పడింది, బండి వేగంగా పోతోంది, మంచిదే. కానీ ఆ చిన్న బండి ఎక్కినవాళ్లకి ఆ స్టేషన్లు వేరేగా కనిపిస్తాయి.

పర్లాకిమిడి_పాతలైను:
బావా, నేను చిన్న బండి ఎక్కింది అయిదారు సార్లే. పేరు మాత్రం అందుకే పెట్టుకున్నాను.

గుణుపురం_అక్క:
చాలా రోజులుగా చదివి వెళ్లిపోవడమే, మొదటిసారి రాస్తున్నాను. మీరెవరూ అనని మాట ఒకటి ఉంది.

నేను ఒడియా మీడియం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంగ్లీషు అంటే పరీక్ష ముందు రోజు బట్టీ. మా అన్నయ్య కంప్యూటర్లో ఆబ్లివియన్ అనే గేమ్ ఉండేది, దానికి 2007 లో వచ్చిన షివరింగ్ ఐల్స్ కూడా. అన్నయ్య కాలేజీకి పోయాక నేను ఆడేదాన్ని. ఆ మాటల పెట్టెలు తెరుచుకుంటే నాకు గోడలా కనిపించేవి. ఎవరు ఏం అడుగుతున్నారో తెలియదు, మొదటి దాని మీద నొక్కేయడమే. క్వెస్టులన్నీ నాకు తాళం వేసిన గదులు.

షివరింగ్ ఐల్స్‌లో ఏమవుతుందంటే, నీళ్ల మధ్యలో చిన్న దీవి మీద వింత ద్వారం ఉంటుంది. లోపలికి వెళ్తే ఒక మామూలు గది. బల్ల, దాని మీద టిక్ టిక్ అనే మెట్రోనోమ్, ఎదురుగా బట్టతలాయన. ఏదో మాట్లాడాడు, ఒక్క ముక్క అర్థం కాలేదు. సరే అన్నాను. ఆయన వెళ్లిపోయాడు. అప్పుడు ఆ గది గోడలు... సీతాకోకచిలుకలైపోయి ఎగిరిపోయాయి. గోడలన్నీ, పైకప్పుతో సహా. వెనక వేరే ఆకాశం, వేరే లోకం. నేను వంటింట్లో ఉన్న అమ్మని పిలిచి సేవ్ మళ్లీ పెట్టి చూపించాను. అమ్మ చేతికి పిండి అలాగే ఉంది.

తర్వాత ఆ లోకంలో సగం వైపు మేనియా, రంగులు ధగధగలాడుతుంటాయి, పెద్ద పెద్ద పుట్టగొడుగులు. మిగతా సగం డిమెన్షియా, బురద, మోడువారిన చెట్లు. ఒక పిచ్చి దేవుడి మనసు రెండు ముక్కలని నాకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, గీత దాటగానే తెలిసిపోయింది. కథని నేల మీదే రాశారు. చదువు రానివాళ్లు కూడా చదువుకోవచ్చు. నాలాంటివాళ్లకి తిరగడం అంటే క్వెస్టులు బోరు కొట్టి చేసే పని కాదు, మాకున్నది అదొక్కటే.

ఇప్పుడు నేను బడిలో టీచర్ని, ఇంగ్లీషు కూడా చెబుతాను. మొన్న మళ్లీ ఆడితే ఆ బట్టతలాయన మాటలన్నీ అర్థమయ్యాయి. మహా వెటకారం మనిషి.

సిరొంచ_ఒడ్డు:
అక్కా, దండం. ఈ కోణం నాకు తట్టనే లేదు. నాది మరాఠీ మీడియం. నేను బాణం లేని గేమ్‌ని గొప్పగా పొగిడాను, అందులో ఇంగ్లీషు చదవకపోతే ఇంటి గుమ్మం దాటలేమని మరిచిపోయాను. నేను మారోవిండ్ ఆడింది డిగ్రీ అయ్యాక. పదో తరగతిలో అయితే ఆ దారి వర్ణన చూసి మూసేసేవాడిని. బాణం గుర్తు కొందరికి చేతికర్ర కూడా.

బల్లార్షా_జంక్షన్:
నాకు ఉల్టా జరిగింది. కథ తెలుసుకోవాలన్న కసితోనే ఇంగ్లీషు వచ్చింది. పక్కన డిక్షనరీ పెట్టుకుని ఆడేవాడిని. "కాంట్రాక్ట్", "బౌంటీ", "రిమోర్స్"... ఇంటర్వ్యూలో రిమోర్స్ వాడితే ఎదురుగా ఉన్నాయన కళ్లజోడు సర్దుకున్నాడు.

అయినా అక్క చెప్పినదాని మీద ఒక ప్రశ్న. ఎర్డ్‌ట్రీలో నేలే కథ చెబుతుందంటారు కదా, మరి మనుషుల్ని ఎందుకు పెట్టారు? మొదట్లో శిలువ గుర్తు దగ్గర నలుగురైదుగురు పరిచయమవుతారు. లెడా, అన్స్‌బాక్, ఫ్రేయా. బాగా కుదిరారు అనుకునేలోపు నేను అటూ ఇటూ తిరుగుతూ షాడో కీప్ దగ్గరికి పోయాను. ఎక్కడో ఒక గొప్ప రూన్ విరిగింది అని తెర మీద ఒక లైను పడింది. అంతే. వాళ్ల మాటలన్నీ మారిపోయాయి, అప్పటిదాకా వినాల్సినవి పోయాయి. తిరిగినందుకు నాకు జరిమానా! తిరగమన్నదీ వాళ్లే, తిరిగితే కథ కోసేసిందీ వాళ్లే.

కొరాపుట్_మందులసంచి:
ఇది మాత్రం ఒప్పుకోవాలి. ఇంకోటి కూడా నేనే ఒప్పుకుంటాను, మా పార్టీకి నష్టమైనా. సెరూలియన్ కోస్ట్. నీలం పూలతో నిండిన తీరం, చూడగానే ఆహా అంటాం. అరగంట గుర్రం మీద తిరిగితే తీసుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. ఫింగర్ రూయిన్స్ కూడా అంతే. అంత నేల పరిచి ఖాళీగా వదిలేస్తే అది మైదానం, తిరుగుడు కాదు.

కానీ ఒక పని తెలివిగా చేశారు. ఆ ఎక్స్‌పాన్షన్‌లో మన లెవెల్ ఎంతున్నా దెబ్బకి చస్తాం. బలం రావాలంటే స్కాడుట్రీ ముక్కలు ఏరుకోవాలి, అవి మొత్తం యాభై, నేలంతా చల్లి ఉంటాయి. బాస్ (పెద్ద శత్రువు) దగ్గర పదిసార్లు చచ్చినవాడు ఏడుస్తూ కూర్చోకుండా, పోనీ ఆ కొండ వెనక ఏముందో చూద్దాం అని గుర్రమెక్కుతాడు. తిరగడానికి కారణం దొరికింది. ఎవరూ అడగలేదు, లిస్టూ లేదు.

బరంపురం_బావ:
యాభై ముక్కలు ఏరడం లిస్టు కాదా?

కొరాపుట్_మందులసంచి:
మ్యాప్ మీద గుర్తులు లేవు కాబట్టి కాదు. (నలభై దాటాక యూట్యూబ్ చూశాను, అప్పుడు లిస్టే అయింది. ఆ పాపం నాది.)

పర్లాకిమిడి_పాతలైను:
చాలా మాటలొచ్చాయి, షాపులో ప్రింట్లు తీస్తూ ఫోన్లో చదువుతున్నాను, ఒకాయన ఆధార్ రెండు వైపులా ఒకే వైపు తీసేశాను.

నేను అడిగిన ప్రశ్నే తప్పేమో అనిపిస్తోంది. రేవన్ రాక్ ఊరు, సీతాకోకచిలుకల గది, ఈ రెండింటినీ ఏ డబ్బాలో వేయాలో నాకు తెలియడం లేదు. బ్లడ్ అండ్ వైన్ గురించి కూడా మళ్లీ ఆలోచించాను. అందులో మనకి ఒక ద్రాక్షతోట ఇస్తారు, కోర్వో బియాంకో. డబ్బులు పెట్టి ఇల్లు బాగుచేయించుకోవాలి. నేను ప్రతి క్వెస్ట్ అయ్యాక ఆ ఇంటికి పోయేవాడిని. గుర్రం మీద, ఫాస్ట్ ట్రావెల్ (నొక్కగానే అక్కడికి చేర్చేది) వాడకుండా. ఎందుకు వెళ్లేవాడినో తెలియదు, అక్కడ ఎవరికీ నాతో పని లేదు. నేను టుస్సాంట్‌లో ఊరికే తిరగలేదని మొదట రాశాను కదా, అబద్ధం. ఇంటికి వెళ్లే ఆ దారి మొత్తం తిరుగుడే.

గుణుపురం_అక్క:
డబ్బులు దేనికి కట్టాలని అడిగావు కదా తమ్ముడూ. నా లెక్క ఇదీ: అక్కడికి మళ్లీ పని లేకుండా వెళ్తానా అని చూస్తాను. వెళ్తే డబ్బులు గిట్టినట్టే.

సిరొంచ_ఒడ్డు:
గుర్తులు ఇష్టం లేనివాళ్లకి ఒక మాట. 2018 లో వచ్చిన అసాసిన్స్ క్రీడ్ ఒడిస్సీలో మొదట్లోనే అడుగుతారు, గైడెడ్ కావాలా, ఎక్స్‌ప్లొరేషన్ కావాలా అని. రెండోది పెట్టుకుంటే బాణం ఉండదు, ఫలానా రాష్ట్రంలో ఫలానా దానికి దక్షిణాన అని ఆనవాళ్లు చెబుతారు, డేగని పైకి వదిలి వెతుక్కోవాలి. ఇంగ్లీషు కష్టమనుకుంటే మొదటిది. ఒకే క్వెస్ట్, రెండు నడకలు. అలాంటిది అందరూ పెడితే మనం ఈ పంచాయితీ పెట్టుకునే పనే లేదు.

బల్లార్షా_జంక్షన్:
పంచాయితీ లేకపోతే రాత్రి డ్యూటీలో నేనేం చదవాలి?

పర్లాకిమిడి_పాతలైను:
సిరొంచ అన్నా, నీ మాట విని మారోవిండ్ మొదలుపెట్టాను. బాల్మోరా నుంచి బయల్దేరి నది దాటాను, కోట దాటాను, వంతెన దొరక్క ఒక పూట పోయింది, చివరికి దొరికింది. శిథిలాల ముందు నిలబడ్డాను. తలుపు తెరుచుకోవడం లేదు. తాళం కూడా చూపించడం లేదు. గేమ్ పాడైందా?

సిరొంచ_ఒడ్డు:
పాడవలేదు. తలుపు వైపు చూడడం మానెయ్. ఇంతకన్నా చెప్పను.

పర్లాకిమిడి_పాతలైను:
గొట్టం! గొట్టం మీద పిడి ఉంది! తిప్పితే కొండలో తలుపు తెరుచుకుంది. ఇప్పుడు లోపల ఆ పెట్టె కోసం గంట నుంచి వెతుకుతున్నాను. ఎంత ఉంటుంది సైజు?

బరంపురం_బావ:
చెప్పకు అన్నా.

సిరొంచ_ఒడ్డు:
చెప్పను. అరలు చూడు.

పర్లాకిమిడి_పాతలైను:
కరెంటు పోయింది. సేవ్ చేయలేదు.